చిటికెడు పసుపు, పళ్ళెంనిండా అన్నం

పొద్దున్నే ఏ ఊళ్ళో పార్కుకైనా వెళ్ళండి, గేటు బయట ఒక బండి ఉంటుంది. బండి మీద స్టీలు క్యాన్లు, వాటి మీద పెయింటుతో రాసిన పేర్లు: కాకర, సొర, ఉసిరి, వేప, నేరేడు గింజ, రాగి జావ. నాలుగు రౌండ్లు కొట్టి చెమటలు కక్కుతూ వచ్చినవాళ్ళు గ్లాసు అందుకుని, ముక్కు మూసుకుని గటగటా తాగేసి, మొహం అదోలా పెట్టి, ఫోన్ తీసి స్కాన్ చేసి కదులుతారు. అక్కణ్ణించి నేరుగా ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్‌కి. నెయ్యి కారం దోసె, పైన ఒక టీ. మీరు నవ్వుతున్నారంటే మీకూ ఆ బండి తెలుసన్నమాట.

ఆ బండిని వెక్కిరించడానికి కూర్చోలేదు లెండి. ఆ క్యాన్లలో నిజం ఉంది. మొక్కలు తయారుచేసుకునే రసాయనాలకీ, మన పొట్టలో పేరుకున్న కొవ్వుకీ, ఆ కొవ్వు రాజేసే వాపుకీ, దాని వెనకే వచ్చే షుగర్‌కీ సంబంధం ఉందని ప్రయోగశాలలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఎంత తింటే, ఏ రూపంలో తింటే, ఎవరికి అన్న దగ్గరే పేచీ. కాఫీ ఉంటే తెచ్చుకోండి, చెప్పుకుందాం. చక్కెర సంగతి మీ ఇష్టం.

ముందు ఈ వాపు ఏమిటో చూడాలి. కాలు బెణికితే వాస్తుంది, దోమ కుడితే దద్దురు లేస్తుంది. అది కంటికి కనిపించే వాపు, పని అయిపోగానే తగ్గిపోతుంది. పొట్టలోని కొవ్వులో పుట్టే వాపు కనిపించదు, నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఏళ్ళ తరబడి సన్నగా రగులుతూ ఉంటుంది. తిన్నదాంట్లో ఖర్చు కానిది కొవ్వు కణాల్లోకి చేరుతుంది కదా. కణం ఉబ్బుతుంది, ఇంకా ఉబ్బుతుంది. ధాన్యం కుక్కిన గోనెసంచి కుట్టు దగ్గర పిగిలినట్టు, చివరికి కొన్ని కణాలు తట్టుకోలేక చచ్చిపోతాయి. చచ్చినవాటిని తిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు వచ్చి చుట్టూ గుండ్రంగా మూగుతాయి. మైక్రోస్కోపులో చూసినవాళ్ళు ఆ వలయానికి కిరీటం పేరు పెట్టారు. వచ్చినవి ఊరికే కూర్చోవు. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాలు వదులుతాయి. అవి కాలేయానికీ కండరాలకీ చేరి, ఇన్సులిన్ ఇచ్చే సంకేతాన్ని అక్కడి కణాలు అందుకోకుండా అడ్డుపడతాయి. ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, పని మాత్రం జరగదు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పోస్తుంది, కొన్నేళ్ళకి అలిసిపోతుంది. ఆ తర్వాతే మనం ల్యాబ్ రిపోర్టు పట్టుకుని డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చునేది.

కొవ్వంటే ఊరికే పడి ఉండే నిల్వ సరుకు అని డాక్టర్లు కూడా చాలాకాలం అనుకున్నారు. 1993లో బోస్టన్‌లో హోటమిష్లిగిల్, స్పీగల్‌మన్ అనే శాస్త్రవేత్తల బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా ఎక్కువగా తయారవుతోందనీ, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్ళీ మెరుగ్గా పనిచేస్తోందనీ చూపించాక కథ మారింది. తమాషా ఏమిటంటే, అంతకు నూరేళ్ళకి పైగా ముందే, 1876లో, జర్మనీలో ఎబ్‌స్టైన్ అనే వైద్యుడు సోడియం శాలిసిలేట్ దండిగా ఇస్తే షుగర్ రోగుల మూత్రంలో చక్కెర తగ్గిందని రాసిపెట్టాడు. శాలిసిలేట్ల పుట్టిల్లు విల్లో చెట్టు బెరడు. మనం తలనొప్పికి మింగే ఆస్పిరిన్ వాటి దగ్గరి చుట్టమే. చెట్టు మందుకీ, వాపుకీ, షుగర్‌కీ ఉన్న ముడి అప్పుడే చేతికి తగిలింది, అర్థం చేసుకునేవాళ్ళు లేకపోయారు.

అలాగని వాపు ఒక్కటే దోషి అనుకోకండి. కనకినుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌తో సుమారు 10,000 మంది గుండె రోగుల్లో ఈ వాపుని తగ్గించి చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. గుండెపోట్లు కొంత తగ్గాయి. కొత్తగా షుగర్ రావడం మాత్రం తగ్గలేదు. కాబట్టి ‘వాపు తగ్గించే ఆహారం’ అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన షుగర్ తగ్గిపోతుందని లెక్క కట్టేయకూడదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం వాట్సాప్ సందేశాల బెడద వదులుతుంది.

‘మేం లావు కాదుగా, మాకెందుకీ గొడవ’ అనేవాళ్ళు మనలోనే ఎక్కువ. వాళ్ళకోసం ఒక ఫొటో సంగతి. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఫొటో వేయించుకున్నారు. ఒకాయన పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండో ఆయన లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్. ఎత్తూ బరువూ కలిపి లెక్కేసే బీఎంఐ ఇద్దరికీ అచ్చంగా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకి 9.1 శాతం, మన పుణే ఆయనకి 21.2 శాతం. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, కొవ్వంతా లోపల. మన పెళ్ళిళ్ళలో పంక్తి పొడుగునా చూడండి, సన్నటి భుజాల కింద చిన్న కుండంత పొట్టలు. అందుకే మనవాళ్ళకి బరువుకంటే నడుం కొలత ముఖ్యమంటారు. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలి. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో అచ్చయింది. దాని ప్రకారం షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, ఆ గుమ్మంలో, అంటే ప్రీడయాబెటిస్‌లో, నిలబడ్డవాళ్ళు ఇంకో 13.6 కోట్లు.

సరే, మొక్కల దగ్గరికి వద్దాం. మొక్కకి కాళ్ళు లేవు. పురుగొస్తే పరుగెత్తలేదు, మేక వస్తే దాక్కోలేదు. ఎండ మాడుస్తుంటే నీడకి జరగలేదు. అందుకని రసాయనాలు తయారుచేసుకుంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ మనలాంటి పాలిచ్చే జంతువుల నోరు మండించడానికే; పక్షులకి ఆ కారం తెలియదు, అవి పండు తిని గింజలు దూరంగా పారేసి మొక్కకి మేలు చేస్తాయి. ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న మొక్కని గుంటూరు మిర్చి యార్డుకి బస్తాల్లో తోలి, పచ్చడి నూరుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూ రెండో ముద్ద కలిపేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు. చేదు, వగరు, ఘాటు, కారం, ముదురు రంగు: వంటింట్లో ఇవి ఎక్కడ తగిలినా అక్కడ ఏదో ఒక పాలీఫినాలో ఆల్కలాయిడో ఉందనుకోవచ్చు. నేరేడు పండు తింటే నాలుక ఊదారంగైందా, అది ఆంథోసయనిన్. ఉల్లిపాయలో క్వెర్సెటిన్. కాఫీలో క్లోరోజెనిక్ ఆమ్లం. గోంగూర ఎర్ర కాడల్లోనూ ఆ ఆంథోసయనిన్లే.

ఒకప్పుడు వీటన్నిటికీ కలిపి ‘యాంటీ ఆక్సిడెంట్లు’ అని ఒకే ముద్ర కొట్టేశారు. పరీక్షనాళికలో ఏ పండు ఎంత ఆక్సీకరణని ఆపుతుందో అంకెలు వేసి, పెద్ద అంకె వచ్చిన పండుని ఎక్కువ ధరకి అమ్మారు. ఆ అంకెల పట్టికని పెట్టింది అమెరికా వ్యవసాయ శాఖే. ఒంట్లో జరిగేదానికీ ఆ అంకెలకీ పొంతన లేదని 2012లో తీసేసిందీ అదే. మన అంగళ్ళలో డబ్బాల మీద ఆ ముద్ర ఇంకా చెక్కుచెదరలేదు.

అసలు మనం మింగిన పాలీఫినాళ్ళలో రక్తంలోకి నేరుగా చేరేది కొద్దిపాటే. మిగతాదంతా పెద్దపేగుకి పోతుంది. అక్కడి బ్యాక్టీరియా వాటిని విరిచి, ముక్కలు చేసి, కొత్త పదార్థాలుగా మార్చి మనకి అందిస్తాయి. దానిమ్మలో ఉన్న ఎల్లాజిటానిన్లని యూరోలిథిన్లుగా మార్చే బ్యాక్టీరియా కొందరి పేగుల్లో ఉంటాయి, కొందరిలో ఉండవు. ఒకే అనంతపురం దానిమ్మకాయని అన్నదమ్ములిద్దరూ చెరిసగం తిన్నా ఇద్దరికీ ఒకే ఫలితం రాకపోవచ్చు. ‘మా ఆయనకి పనిచేసింది, మీరూ తాగండి వదినగారూ’ అన్న సలహా ఎందుకు బెడిసికొడుతుందో చూశారా!

ఇక నాకు ఇష్టమైన గింజ దగ్గరికి వచ్చాను. తెనాలిలో మా పిన్ని ఉంది. డెబ్బై దాటింది, షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. పొద్దున్నే గ్లాసు పట్టుకుని పెరట్లో నిలబడుతుంది.

“ఏంటి పిన్నీ అది?”

“మెంతి నీళ్ళురా. రాత్రి చెంచాడు మెంతులు నానేశా.”

“మరి ఆ మెంతులేం చేస్తావు?”

“చేదు గింజలు ఎవరు తింటార్రా? కనకాంబరం మొక్కకి వేస్తా.”

కనకాంబరం మొక్కకి షుగర్ రాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

నానిన మెంతి గింజని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. పైన జిగురుగా, జారుడుగా ఒక పొర ఉంటుంది. గెలాక్టోమన్నన్ అనే పీచు అది. గింజ బరువులో దాదాపు సగం పీచే. ఇది పొట్టలో చిక్కబడి, తిన్న అన్నం తొందరగా పేగుల్లోకి జారకుండా, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కకుండా నెమ్మదింపజేస్తుంది. ఇది కాక 4-హైడ్రాక్సీఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, ఇన్సులిన్ విడుదలని పెంచుతుందని ప్రయోగశాలల్లో తేలింది. నీళ్ళలోకి కొంత దిగుతుంది నిజమే. అసలు సరుకు మాత్రం గింజలోనే ఉండిపోతుంది.

ఈ గింజ మీద లోకానికి చెప్పుకోదగ్గ పని చేసింది మన హైదరాబాద్‌లోనే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ తదితరులు చేసిన అధ్యయనం 1990లో వచ్చింది. నూనె తీసిన మెంతి పొడిని రోజుకి 100 గ్రాములు, రెండు పూటలుగా రొట్టెల్లో కలిపి, ఒంట్లో ఇన్సులిన్ తయారవని టైప్-1 షుగర్ ఉన్నవాళ్ళకి పది రోజులు పెట్టారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. తర్వాత మామూలు (టైప్-2) షుగర్ ఉన్నవాళ్ళకి రోజుకి 25 గ్రాముల చొప్పునా ఇచ్చి చూశారు, అప్పుడూ మేలే కనిపించింది. 2015లో హైదరాబాద్ డాక్టర్లే ఇంకో అధ్యయనం ప్రచురించారు: షుగర్ గుమ్మంలో ఉన్న 140 మందిలో కొందరికి భోజనానికి ముందు 5 గ్రాముల మెంతి పొడి, రోజుకి రెండుసార్లు, మూడేళ్ళపాటు. తీసుకోనివాళ్ళకి షుగర్ వచ్చే అవకాశం తీసుకున్నవాళ్ళకంటే 4.2 రెట్లు ఎక్కువని తేలింది. చిన్న అధ్యయనమే. పైగా మెంతి చేదుని ఎవరి నోటి నుంచీ దాచలేం, తాను తినేది మందో ఉత్త పిండో రోగికి ఇట్టే తెలిసిపోతుంది. అయినా మన వంటింటి గింజకి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉన్న చుట్టాలు తక్కువ.

ఇప్పుడు తూకం వేద్దాం. పిన్ని చెంచాడు మెంతులు వంటింటి తూకం మీద పోస్తే నాలుగు గ్రాములకి అటూ ఇటూ. మనం పులిహోర పోపులోనో పులుసులోనో వేసేది ఇంటిల్లిపాదికీ కలిపి ఒక గ్రాము. శర్మగారు ఇచ్చిన 100 గ్రాములంటే చిన్న పళ్ళెంలో కుప్ప. 2015 అధ్యయనంలోని రోజుకి 10 గ్రాములంటే రెండున్నర చెంచాలు, అదీ గింజంతా కడుపులోకి పోవాలి.

“పొడి కొట్టి మజ్జిగలో కలుపుకో పిన్నీ.”

“ఆ మజ్జిగ నువ్వు తాగి చూపించరా ముందు.”

తాగాను. పిన్ని మాటలో న్యాయం ఉంది. కడుపు ఉబ్బరం కూడా ఉంది, అది మూడో రోజుకి గానీ సర్దుకోలేదు. చివరికి రాజీ ఎక్కడ కుదిరిందంటే, పెసరట్టు పిండిలో నానిన మెంతులు రుబ్బేయడం. అట్టు కొంచెం చేదు, అల్లం పచ్చడి దాన్ని కప్పేస్తుంది. కనకాంబరం మొక్కకి ఇప్పుడు ఉత్త నీళ్ళే.

పసుపు దగ్గర లెక్క ఇంకా ఘోరం. నిజామాబాద్, దుగ్గిరాల, కడప అని గర్వంగా చెప్పుకుంటాం. 2025లో జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్‌లోనే పెట్టారు. పసుపుతో పుండ్లు మానడంపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటుని మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పోట్లాడి 1997లో రద్దు చేయించింది. ఇదంతా బాగుంది. పసుపులో వాపుని అణిచేది కుర్కుమిన్ అంటారు. పసుపు కొమ్ములో అది ఉండేది సుమారు 3 శాతం. అంటే చెంచాడు పసుపు మూడు గ్రాములనుకుంటే అందులో కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు.

2012లో థాయిలాండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది, పసుపు అభిమానులందరూ దీన్నే చూపిస్తారు. షుగర్ గుమ్మంలో ఉన్న 240 మంది, తొమ్మిది నెలలు. మందు లేని ఉత్త గొట్టం మాత్రలు మింగినవాళ్ళలో 16.4 శాతం మందికి షుగర్ వచ్చింది, కుర్కుమినాయిడ్ల గొట్టాలు మింగినవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. వినడానికి ఎంత బాగుందో! మోతాదు ఎంతో తెలుసా? రోజుకి 1.5 గ్రాముల కుర్కుమినాయిడ్లు. వంటింటి పసుపులో అంత కావాలంటే రోజుకి 50 గ్రాములు తినాలి, చెంచాల్లో పదహారు దాటుతుంది. మనం నలుగురి పప్పులో వేసేది పావు చెంచా. రాత్రి పాలల్లో చిటికెడు వేసుకుని ‘షుగర్‌కి మంచిది’ అని పడుకునేవాళ్ళకి నిద్ర మంచిదే, మిగతాది నేను హామీ ఇవ్వలేను.

పోనీ తిన్నంతా ఒంటికి పడుతుందా అంటే అదీ లేదు. కుర్కుమిన్ నీళ్ళలో కరగదు, పేగు దాటి రాదు, వచ్చినా కాలేయం వెంటనే మార్చేసి పంపించేస్తుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లో ఒక చక్కటి ప్రయోగం చేశారు. రెండు గ్రాముల కుర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పిపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలోకి చేరేది 2,000 శాతం పెరిగింది. మన మిరియాల పాలకి శాస్త్రం దొరికిందని సంబరపడ్డాం. అయితే దాదాపు సున్నా ఉన్నదాన్ని ఇరవై రెట్లు పెంచితే ఎంతవుతుందో మీరే చెప్పండి. 2017లో కొందరు ఔషధ రసాయన శాస్త్రవేత్తలు 120కి పైగా క్లినికల్ ట్రయల్స్‌ని జల్లెడపట్టి, కుర్కుమిన్ నిలకడలేని పదార్థం, మందుగా పనికొస్తుందన్న నమ్మకం కలగడం లేదు అని తేల్చేశారు. దీని మీద అతి ఎక్కువ పేరు తెచ్చుకున్న ఒక అమెరికా పరిశోధకుడి పత్రాలు ఇరవైకి పైగా వెనక్కి తీసుకున్నారు కూడా. అందుకని పసుపు మానేయమంటానా? పసుపు లేని పప్పు నేను తినలేను. రుచికి, రంగుకి, అలవాటుకి వేసుకోండి. ‘పిపెరిన్ కలిపిన కుర్కుమిన్’ గొట్టాల జోలికి మాత్రం ఊరికే పోకండి. ఇటలీలో 2019లో, తర్వాత అమెరికాలో ఇలాంటి గొట్టాలు మింగినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతింది. మిరియం ఒంట్లో కుర్కుమిన్‌నే కాదు, మీరు మింగే ఇంకో మందునీ ఎక్కువసేపు నిలబెట్టగలదు.

కాకరకాయ గురించి రెండు ముక్కలు చాలు. చరాంటిన్ అనీ, ఇన్సులిన్‌ని పోలిన పాలీపెప్టైడ్ అనీ చాలా పేర్లున్నాయి. మనుషుల మీద చేసిన పరీక్షలని, వైద్య పరిశోధనలని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2012లో సమీక్షించి, షుగర్‌కి పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం చాలదంది. దాల్చినచెక్కకీ అదే ఏడాది అదే మాట. అయినా మనం కాకరకాయని తినే తీరు చూడండి: చెక్కు గీకి, ఉప్పు రాసి, చేదంతా పిండి పారబోసి, నూనెలో వేయించి, బెల్లం వేసి పులుసు పెట్టి, ‘షుగర్‌కి మంచిదని చేశాను, ఇంకొంచెం వేసుకోండి’ అంటాం.

పొడపత్రి ఆకు సంగతి వేరు. ఇది ఒంట్లో ఏం చేస్తుందన్నది పక్కనపెట్టండి, నోట్లో చేసేది చూడాలి. ఒక ఆకు బాగా నమిలి, నాలుకంతా తిప్పి, ఊసేసి, చెంచాడు చక్కెర వేసుకోండి. ఇసుక. నిజంగా ఇసుక నమిలినట్టే కరకరలాడుతుంది, తీపి జాడ ఉండదు. పావుగంట పైన అలాగే ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపిని గుర్తించే చోట్లని మూసేస్తాయి. మిఠాయి డబ్బా ముందు కూర్చున్న మనిషికి ఇంతకంటే మేలు చేసే ఆకు నాకు తెలియదు.

మొక్కలోంచి అసలైన మందు రాలేదా అంటే, వచ్చింది. షుగర్ మాత్రగా మీ ఇంట్లోనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్. యూరప్ పచ్చిక బయళ్ళలో పెరిగే గలేగా అనే మొక్కలో గలేగిన్ అనే పదార్థం చక్కెర తగ్గిస్తుందని కనిపెట్టారు, దాంతోపాటు అది విషమనీ తెలుసుకున్నారు. దాని చుట్టాలనే రసాయనశాలలో తయారుచేసే ప్రయత్నాలు సాగాయి. 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ మెట్‌ఫార్మిన్‌ని తయారుచేశారు, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ దాన్ని షుగర్ రోగులకి ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు, అమెరికా అనుమతించేసరికి 1994 వచ్చింది. ఈమధ్య డాక్టర్లు షుగర్‌కి రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ ముత్తాత కూడా ఆపిల్ చెట్టు వేరు బెరడులోంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్. కాబట్టి ‘ఇంగ్లీషు మందులొద్దు, మొక్కల మందులే కావాలి’ అనేవాళ్ళు మెట్‌ఫార్మిన్ మానేసి కషాయం పట్టుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విషాన్ని వడకట్టి, మోతాదు తేల్చి, రూపాయిల్లో ఇస్తున్న మొక్క మందుని పారేసి, ఏ మోతాదో తెలియని క్యాన్ ముందు నిలబడతారు.

మోతాదు తెలియకపోతే ఏమవుతుందో చెప్పే కథలున్నాయి. సొరకాయ రసం తాగి 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్తే చనిపోయాడు. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్లనే విషాలుంటాయి. తర్వాత ఐసీఎంఆర్ నిపుణుల సంఘం వేసి, చేదుగా ఉంటే రసం తాగొద్దని చెప్పించింది. తిప్పతీగ కషాయం కరోనా రోజుల్లో ఊరూరా కాచుకున్నాం. అది తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు; ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. మానుపసుపులోని బెర్బెరిన్ ఇంకో రకం. 2008లో చైనాలో కొత్తగా షుగర్ వచ్చిన 36 మందిలో ఇది మెట్‌ఫార్మిన్‌తో సమానంగా పనిచేసింది. అంత గట్టిగా పనిచేసేది గనకే ఇతర మందులతో గొడవపడుతుంది కూడా. పనిచేసే మొక్కకి హాని చేసే శక్తీ ఉంటుంది. ‘సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవండీ’ అని అమ్మేవాడు అంటే, ఎఫెక్టూ ఉండదన్న మాట ఆయన నోటితోనే ఒప్పుకున్నట్టు.

మరి ఈ మొక్కల రసాయనాలు మనకి అందేది ఎలా? కూరలుగా, పండ్లుగా కుప్పగా తినడం ఒక్కటే దారి. చిటికెడుగా కాదు, కప్పుల్లెక్కన. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన కొత్త ఆహార సూచనల్లో 2,000 కేలరీల రోజుకి కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి 500 గ్రాములన్నారు. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250. పప్పులు 85. అంటే పచ్చి తూకంలో కూరలూ పండ్లూ కలిపి ధాన్యానికి రెట్టింపు! మన కంచంలో ఎన్ని రెట్లు తిరగబడి ఉందో ఈ రాత్రే చూసుకోండి. అరచేతిలో పట్టే వంకాయ కూర, దాని చుట్టూ కొండంత అన్నం. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదన్నది వాళ్ళ మాట, మనవాళ్ళది 50 నుంచి 70 దాకా పోతోంది.

ఆ అన్నమూ ఎలాంటిది? మిల్లులో రెండు మూడుసార్లు పాలిష్ పట్టి మల్లెపువ్వులా తెల్లగా చేసింది. తవుడులోని ఫెరూలిక్ ఆమ్లం, ఒరైజనాల్, పీచు గేదెలకి పోయాయి. మనకి పిండిపదార్థం మిగిలింది. ఆ తర్వాత తవుడులో ఉన్నవాటికే గొట్టాలు కొంటాం. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన తెలంగాణ సోనాకి, రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువని, 51.6 అని తేలిన మాట నిజం, దాన్ని ‘షుగర్ బియ్యం’ అని కొనుక్కొచ్చి రెండు రెట్లు తినేవాళ్ళున్న మాటా నిజం. రాగి, జొన్న గింజల పొరల్లో పాలీఫినాళ్ళు దండిగా ఉంటాయి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2021లో చేసిన సమీక్షలో చిరుధాన్యాలు తిన్న షుగర్ రోగులకి పరగడుపు చక్కెర సగటున 12 శాతం తగ్గిందని వచ్చింది. అన్నం మానేసి తింటే సుమా. అన్నం తిన్నాక పైన ఒక గ్లాసు రాగి జావ తాగితే ఆ లెక్క వర్తించదు.

ఇంకో లెక్క మన పొరుగున చెన్నైది. డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ గుమ్మంలో ఉన్న 531 మందిని మూడేళ్ళు చూసి 2006లో ప్రచురించింది. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. తిండి మార్చి, నడిచినవాళ్ళలో 39.3 శాతం. మెట్‌ఫార్మిన్ మింగినవాళ్ళలో 40.5. రెండూ చేసినవాళ్ళలో 39.5. ఆ నడిచినవాళ్ళకి ఏ ఆకూ, ఏ గింజా ప్రత్యేకంగా ఇవ్వలేదు. మూడేళ్ళు నడవమన్నారు, కంచం మార్చుకోమన్నారు, అంతే. మాత్రతో సమానంగా నిలబడ్డారు. కొవ్వు కణం ఉబ్బు తగ్గితే చుట్టూ మూగిన రక్షక కణాలు వాటంతట అవే పల్చబడతాయి, ఆ పని ఏ పొడీ అంత బాగా చేసినట్టు నేను చదవలేదు.

అందుకని పార్కు మాత్రం మానకండి. మెంతులు తినేట్టయితే గింజతో సహా తినండి. కూర పెంచి అన్నం తగ్గించండి, కూర ముందు తిని అన్నం తర్వాత కలుపుకుంటే ఇంకా నయం. ఇన్సులిన్ తీసుకునే పిల్లలున్న ఇంట్లో ఎవరెన్ని చెప్పినా ఇంజెక్షన్ ఆపకండి, టైప్-1 పిల్లలకి ఆపడం రోజుల్లో ప్రాణం మీదకి తెస్తుంది. ఇక మీకు పొడులూ కషాయాలూ అలవాటుంటే ఒక్కటి చేయండి: ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏ పొడి, ఎన్ని చెంచాలు, ఏ పూట అన్నది కాగితం మీద రాసుకుని, ఆ డబ్బా కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి. ఆయన అడగకపోయినా మీరే తీసి బల్ల మీద పెట్టండి.